బెర్తా నైట్ లాండెస్: సియాటిల్ తొలి మహిళా మేయర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెర్తా నైట్ లాండెస్ ఎవరు?

అమెరికా వాయవ్య తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న సియాటిల్ నగరానికి 1926 నుంచి 1928 వరకు మేయరుగా పనిచేసిన మహిళ ఆమె. అమెరికాలో ఒక పెద్ద నగరానికి మేయరుగా ఎన్నికైన తొలి మహిళ కూడా ఆమే. 1920 జనాభా లెక్కల నాటికే సియాటిల్‌లో మూడు లక్షల పదిహేను వేల మంది నివసించేవారు. మేయరు కాకముందు, 1922లో నగర కౌన్సిల్‌కు ఎన్నికై, తరువాత ఆ కౌన్సిల్‌కే అధ్యక్షురాలై, 1924లో కొద్ది రోజులు తాత్కాలిక మేయరుగా కూడా వ్యవహరించారు. ఆమెను గురించి రాసేవారు చాలామంది ‘తొలి’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఆ మాట ఆమెకు పెద్దగా నచ్చేది కాదనడానికి ఆధారాలున్నాయి. తనను పని తీరును బట్టి చూడాలని ఆమె పదేపదే కోరారు. అందుకే కింది సమాధానాలలో పదవుల వరుస కంటే ఆ పదవులలో ఆమె చేసిన పనికే ఎక్కువ చోటు ఇవ్వడం జరిగింది.

ఆమెకు ముందు అమెరికాలో మహిళా మేయర్లు లేరా?

ఉన్నారు. 1887లో కాన్సస్ రాష్ట్రంలోని ఆర్గోనియా అనే చిన్న ఊరికి సుసానా సాల్టర్ మేయరుగా ఎన్నికయ్యారు. మహిళలు రాజకీయాలలోకి వస్తే ఎలా నవ్వులపాలవుతారో చూపాలన్న ఉద్దేశంతో కొందరు పురుషులు ఆమెకు తెలియకుండానే ఆమె పేరును అభ్యర్థుల జాబితాలో చేర్చారు. ఎగతాళికి చేసిన ఆ పని వారికే ఎదురుతిరిగి, ఆమె నెగ్గారు. అయితే అది కొన్ని వందల మంది ఉన్న పల్లె. రేవు, విద్యుత్ సంస్థ, ట్రాము మార్గాలు, వందలాది పోలీసులు, వీటన్నిటి మీద కోట్ల డాలర్ల అప్పులు ఉన్న మహానగరాన్ని నడపడం వేరు. లాండెస్‌ను విడిగా చెప్పుకోవడానికి కారణం ఆ తేడాయే.

ఆమె పుట్టుక, చదువు ఎక్కడ?

1868 అక్టోబరు 19న మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేర్ పట్టణంలో జన్మించారు. తొమ్మిది మంది సంతానంలో ఆమెయే చివరిది. తండ్రి చార్లెస్ నైట్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడినవాడు. అక్క జెస్సీ, ఇండియానా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉండి ఆ తరువాత స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడైన డేవిడ్ స్టార్ జోర్డాన్‌ను వివాహమాడడంతో, చెల్లెలికి అక్కగారింట ఉండి ఇండియానాలో చదువుకొనే వీలు కలిగింది. 1891లో చరిత్రలో పట్టా పుచ్చుకొని, కొంతకాలం మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఉపాధ్యాయినిగా పనిచేశారు. ఇండియానాలో తనతోపాటు చదివిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ లాండెస్‌ను 1894 జనవరిలో పెళ్లి చేసుకున్నారు. చరిత్ర చదివిన అమ్మాయి, రాళ్లను చదివిన అబ్బాయి అన్నమాట.

సియాటిల్‌కు ఎందుకు వచ్చారు?

హెన్రీకి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో 1895లో దంపతులు సియాటిల్ చేరారు. అది 1889 నాటి ఘోర అగ్నిప్రమాదంలో వ్యాపార కేంద్రమంతా బూడిదై, మళ్లీ కట్టుకొంటున్న నగరం. రెండేళ్లకే, 1897లో, కెనడాలోని క్లోండైక్ ప్రాంతపు బంగారం కోసం ఉత్తరానికి పరుగెత్తేవారందరికీ అదే ముఖద్వారమైంది. హెన్రీ రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్తగా, విజ్ఞాన కళాశాల డీన్‌గా, 1914-15లో కొంతకాలం విశ్వవిద్యాలయానికి తాత్కాలిక అధ్యక్షుడిగా కూడా పనిచేశారు.

ఇంట్లో మాత్రం తీరని దుఃఖం ఉంది. కుమార్తె కేథరీన్ తొమ్మిదేళ్ల వయసులో, గొంతులో టాన్సిల్స్‌కు చేసిన శస్త్రచికిత్స తరువాత మరణించింది. కుమారుడు కెన్నెత్ పెరిగి పెద్దవాడయ్యాడు. వయోలా అనే బాలికను దంపతులు దత్తత తీసుకొన్నారు.

ఎన్నికల అనుభవం లేని గృహిణి నగర రాజకీయాలలోకి ఎలా రాగలిగారు?

ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఎన్నికల అనుభవం లేకపోవచ్చు గాని, ఆమెకు పాలనానుభవం దండిగా ఉంది. దాన్ని ఆమె మహిళా క్లబ్బులలో సంపాదించారు. ఆనాటి అమెరికాలో ఈ క్లబ్బులను కాఫీ కబుర్ల చోట్లుగా చిత్రించడం పత్రికలకు అలవాటు. వాటి పనితీరు తెలిసినవారికి అలా అనిపించదు. సభ్యత్వ రుసుములు, లెక్కల తనిఖీ, ఉపసంఘాలు, తీర్మానాలు, సభా నియమాలు, వాదోపవాదాలు, ఓటింగు అన్నీ అక్కడ ఉండేవి. పురుషులకు కౌన్సిలులోనో పార్టీ కార్యాలయంలోనో దొరికే శిక్షణ మధ్యతరగతి మహిళలకు అక్కడ దొరికేది. లాండెస్ విమెన్స్ సెంచురీ క్లబ్బులో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రెడ్‌క్రాస్‌లో, ఆ తరువాత మహిళా ఓటర్ల సంఘంలో పనిచేసి, 1920 నుంచి 1922 వరకు సియాటిల్ మహిళా క్లబ్బుల సమాఖ్యకు అధ్యక్షురాలిగా ఉన్నారు.

ఆమె పేరు ఊరంతా వినిపించడానికి కారణమైనది 1921 నాటి ప్రదర్శన. యుద్ధం ముగిశాక ఓడల నిర్మాణం ఆగిపోయి, సియాటిల్‌లో వేలమందికి పనులు పోయాయి. 1919 ఫిబ్రవరిలో జరిగిన సార్వత్రిక సమ్మె తాలూకు భయం, కోపం ఇంకా చల్లారలేదు. ఆ పరిస్థితిలో వాషింగ్టన్ రాష్ట్రంలో తయారైన సరుకులను ప్రజలకు పరిచయం చేసేందుకు వారం రోజులపాటు సాగే ఒక పెద్ద ప్రదర్శనను ఆమె నిర్వహించారు. వెయ్యిమందికి పైగా మహిళలు అక్కడి అంగళ్లలో నిలబడి పనిచేశారు. ఆ నిర్వహణ చూసిన వ్యాపారవర్గాలవారు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవలసిన అవసరం వారికి మాత్రమే ఉంది, ఆ మహిళలకు లేదు. అదే ఏడాది మేయర్ హ్యూ కాల్డ్‌వెల్ నిరుద్యోగ సమస్యను పరిశీలించే అయిదుగురు సభ్యుల సంఘంలో ఆమెను నియమించారు. అందులో మహిళ ఆమె ఒక్కరే.

1922 ఎన్నికలు ఎలా జరిగాయి?

వాషింగ్టన్ రాష్ట్ర మహిళలకు ఓటుహక్కు 1910లోనే వచ్చింది. దేశమంతటికీ అది వర్తించినది 1920లో. కాబట్టి సియాటిల్ మహిళలు ఓటు వేయడం అప్పటికి కొత్తేమీ కాదు. 1911లో, వేశ్యాగృహాలకూ జూదశాలలకూ అండగా ఉన్నాడన్న ఆరోపణ మీద మేయర్ హైరమ్ గిల్‌ను ఓటర్లు మధ్యలోనే పదవినుంచి దించివేసినప్పుడు మహిళల ఓట్లు పెద్ద పాత్ర వహించాయి. అయినా పన్నెండేళ్లపాటు కౌన్సిల్‌లో ఒక్క మహిళ కూడా కూర్చోలేదు.

అప్పటి సియాటిల్ కౌన్సిల్‌లో తొమ్మిది మంది సభ్యులు ఉండేవారు. వార్డులు ఉండేవి కావు, ప్రతి సభ్యుడినీ నగరమంతా కలిసి ఎన్నుకొనేది. ఎన్నికలు పార్టీ రహితం. ఈ పద్ధతి లాండెస్‌కు కలిసివచ్చిందని చెప్పవచ్చు. ఒక పేటలో పట్టున్న నాయకుడి కంటే ఊరంతటా శాఖలున్న మహిళా క్లబ్బులకు ఇటువంటి ఎన్నికలో బలం ఎక్కువ. ఆమె 22,000కు పైగా ఓట్ల ఆధిక్యంతో నెగ్గారు. ఆమెతోపాటు కేథరిన్ మిరకిల్ కూడా గెలిచారు. సియాటిల్ కౌన్సిల్‌లో అడుగుపెట్టిన తొలి ఇద్దరు మహిళలలో ఒకరి ఇంటిపేరుకు ‘అద్భుతం’ అన్న అర్థం ఉండడం కాకతాళీయమే గాని, ఆనాటి హాస్యగాళ్లకు దొరికిన వరమని ఊహించవచ్చు.

‘నగరమంటే పెద్ద ఇల్లు’ అన్న ఆమె వాదన ఏమిటి? దాన్ని ఆమె నిజంగా నమ్మారా?

నగరాన్ని నడపడం ఇల్లు నడపడం వంటిదే, శుభ్రమైన వీధులు, కలుషితం కాని పాలు, పిల్లలకు ఆడుకొనే చోటు, రాత్రివేళ భయం లేకుండా నడిచే దారి ఇవన్నీ గృహిణి బాధ్యతలకు కొనసాగింపే అన్నది ఆ వాదం. లాండెస్ కనిపెట్టినది కాదు. అప్పటికి రెండు దశాబ్దాలుగా అమెరికన్ మహిళా సంస్కర్తలందరూ దీన్ని వాడుతున్నారు. హెన్రీ లాండెస్ కూడా విలేకరులతో ఇదే అన్నారు: ఒక ఇంటిని నడపడానికీ లక్ష ఇళ్లను నడపడానికీ సూత్రంలో తేడా లేదని, భార్య చేస్తున్నది ఆమె సహజ పరిధిని విస్తరించుకోవడమేనని. భార్య ఎన్నికలలో నిలబడితే భర్తను ఎద్దేవా చేసే కాలంలో, విశ్వవిద్యాలయంలో డీన్ హోదాలో ఉన్న మనిషి అలా బాహాటంగా అండగా నిలవడం చిన్న విషయం కాదు.

నమ్మారా అన్న ప్రశ్నకు సూటిగా అవునని గాని కాదని గాని చెప్పడం సరికాదు. ఆమె పనిచేసిన తీరు చూస్తే, ఈ వాదన నమ్మకం కొంత, తలుపు తట్టే మర్యాద కొంత అనిపిస్తుంది. మహిళ రాజకీయాలలో ఎందుకు అని అడిగేవారికి అది జవాబు. కాని బడ్జెట్ సమావేశంలోనూ పోలీసు శాఖ విషయంలోనూ ఆమె మాట్లాడినది ఇంటి భాష కాదు, అధికారుల అర్హతలు, చార్టర్ (నగర పాలనా నియమావళి) నిబంధనలు, ఆదాయ వ్యయాల భాష. ఒక చిన్న తమాషా ఏమిటంటే, ‘నగర గృహిణి’గా పత్రికలకెక్కిన రోజులలో లాండెస్ దంపతులు నివసించినది విశ్వవిద్యాలయం పరిసరాలలోని విల్సోనియన్ అనే నివాస హోటల్లో.

ఈ వాదనకు మరో ముఖం కూడా ఉంది. ఇంటి పేరు చెప్పి లోపలికి వచ్చినవారిని, ఇంటికే వెళ్లమని బయటికి పంపడం కూడా సులువే. 1928లో జరిగినది అదే.

‘ఓపెన్ టౌన్’, ‘క్లోజ్డ్ టౌన్’ అంటే ఏమిటి?

ఈ రెండు మాటలు తెలియకుండా లాండెస్ జీవితం అర్థం కాదు. సియాటిల్ రేవు పట్టణం. కలప కొట్టేవారు, నావికులు, చేపలవేటగాళ్లు, అలాస్కా వెళ్లివచ్చేవారు చేతిలో డబ్బుతో ఊళ్లోకి దిగేవారు. ఆ డబ్బు జూదం, మద్యం, వ్యభిచారం ద్వారా ఊళ్లోనే ఉండిపోవాలని కోరేవారు ‘ఓపెన్ టౌన్’ వాదులు. వారిలో హోటళ్ల యజమానులూ, అద్దెలు తీసుకొనే పెద్దమనుషులూ ఉన్నారు. చట్టాన్ని చట్టంగా అమలు చేయాలనేవారు ‘క్లోజ్డ్ టౌన్’ వాదులు. మేయరు మారినప్పుడల్లా ఊరు తెరుచుకోవడమో మూసుకోవడమో జరిగేది. తలుపు తెరవాలా మూయాలా అన్నది చివరకు పోలీస్ చీఫ్ చేతిలో ఉండేది, ఆ చీఫ్‌ను నియమించేది మేయరు.

దీనిమీద మద్యనిషేధం వచ్చి పడింది. కెనడా సరిహద్దు దగ్గర, చుట్టూ సముద్రపు పాయలు, కావలసినన్ని దీవులు. దొంగ మద్యానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఆ వ్యాపారంలో ఆ ప్రాంతానికే రాజుగా పేరుపొందిన రాయ్ ఓమ్‌స్టెడ్ ఒకప్పుడు సియాటిల్ పోలీసు శాఖలోనే లెఫ్టినెంట్. అతని ఫోన్లను రహస్యంగా విని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1928లో వచ్చిన తీర్పు అమెరికా న్యాయ చరిత్రలో నిలిచిపోయింది. దొంగ ఎవరో పోలీసు ఎవరో తెలియని ఊరది.

లాండెస్‌ను ఈ విషయంలో ఛాందసురాలిగా చూపేవారున్నారు. ఆమె నిగ్రహం, నైతికత గల ప్రొటెస్టెంట్ మధ్యతరగతి మనిషి అన్నది నిజమే. కౌన్సిల్‌లో ఉన్నప్పుడు నృత్యశాలల మీద నియంత్రణ తేవడంలో ముందున్నారు. అయితే ఆమెకు తాగేవారి మీద కంటే, తాగించడానికి లంచం తీసుకొనే అధికారుల మీద కోపం ఎక్కువ. ఈ తేడాను గుర్తించకపోతే 1924 నాటి ఘటన కేవలం మొండితనంగా కనిపిస్తుంది.

1924లో పోలీస్ చీఫ్‌ను తొలగించిన సంఘటన ఏమిటి?

అప్పటి మేయరు ఎడ్విన్ బ్రౌన్. వృత్తిరీత్యా దంతవైద్యుడు కాబట్టి అందరూ ‘డాక్’ బ్రౌన్ అనేవారు. ఊరు తెరిచి ఉంచే పక్షంలోని మనిషి. 1924 జూన్‌లో ఆయన డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభకు న్యూయార్క్ వెళ్లారు. నగర చార్టర్ ప్రకారం మేయరు ఊళ్లో లేనప్పుడు ఆ అధికారాలన్నీ కౌన్సిల్ అధ్యక్షుడికి సంక్రమిస్తాయి. ఆ కుర్చీలో ఉన్నది లాండెస్. సాధారణంగా తాత్కాలిక మేయర్లు దస్త్రాల మీద సంతకాలు పెట్టి, రెండు రిబ్బన్లు కత్తిరించి, మేయరు తిరిగి రాగానే తప్పుకొంటారు.

అంతకు కొద్దికాలం ముందు పోలీస్ చీఫ్ విలియం సెవరిన్స్, తన శాఖలో తొలగించదగ్గ అవినీతిపరులు వందమంది దాకా ఉన్నారని తానే బహిరంగంగా అన్నాడు. చీఫ్ నోటినుంచే వచ్చిన మాటను లాండెస్ పట్టుకొన్నారు. వందమంది ఉన్నారని తెలిసినప్పుడు వారిని తొలగించడం ఆయన విధి కదా అని, వెంటనే ఆ పని మొదలుపెట్టాలని లిఖితపూర్వకంగా ఆదేశించారు. కొద్ది రోజుల మేయరు మాటకు విలువేమిటన్నట్లు ఆయన దాన్ని లెక్కచేయలేదు. దాంతో ఆమె సెవరిన్స్‌నే పదవినుంచి తొలగించి, పోలీసు శాఖను తన అజమాయిషీలోకి తీసుకొని, దొంగ సారా దుకాణాలూ లాటరీలూ మూయించే పని ప్రారంభించారు.

దేశమంతటా పత్రికలు ఈ వార్తను మొదటి పేజీలలో వేశాయి. అటు న్యూయార్క్‌లో దేశాధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని నిర్ణయించడానికి మహాసభ 103 సార్లు ఓట్లు వేయవలసివచ్చింది, ఇటు సియాటిల్ ఒక్క సంతకంతో అల్లకల్లోలమైంది. బ్రౌన్ హుటాహుటిన తిరిగి వచ్చి సెవరిన్స్‌ను మళ్లీ నియమించారు. మూయించిన దుకాణాల తలుపులు మళ్లీ తెరుచుకొన్నాయి.

ఫలితం నిలవలేదు కాబట్టి అది వృథా అని కొందరంటారు. ఆ అభిప్రాయంతో ఏకీభవించడం కష్టం. చట్టం అమలు కాకపోవడం అసాధ్యత వల్ల కాదని, ఇష్టం లేకపోవడం వల్లనేనని ఆ కొద్ది రోజులు నగరానికంతటికీ కళ్లకు కట్టినట్లు చూపాయి. రెండేళ్ల తరువాత వచ్చిన ఎన్నికకు నిజమైన ప్రచారం అక్కడే మొదలైంది. మరోవైపు, తాత్కాలికంగా చేతికొచ్చిన అధికారంతో అంత పెద్ద నిర్ణయం తీసుకోవచ్చునా అన్న ప్రశ్న న్యాయమైనదే. చార్టర్ అక్షరానుసారంగా ఆమెకు ఆ హక్కు ఉంది. మర్యాద ప్రకారం ఉందా అన్నది అప్పుడూ తేలలేదు.

1926లో మేయరు పదవికి పోటీ చేయాలని ఆమెయే కోరుకొన్నారా?

మొదట కోరుకోలేదు. బ్రౌన్‌ను ఓడించగల పురుషుడెవరైనా ముందుకు వస్తే సమర్థించడానికి సిద్ధంగా ఉన్నారు. సరైన అభ్యర్థి ఎవరూ దొరకకపోవడంతో తానే బరిలో దిగారు. 1926 మార్చి 9న జరిగిన ఎన్నికలో బ్రౌన్‌ను దాదాపు 6,000 ఓట్ల తేడాతో ఓడించారు. అదే రోజు ఓటర్ల ముందుకు మరో ప్రతిపాదన వచ్చింది. నగర పరిపాలనను రాజకీయ మేయరు చేతినుంచి తప్పించి, జీతానికి నియమించుకొనే వృత్తి నిపుణుడైన ‘సిటీ మేనేజర్’కు అప్పగించాలన్నది దాని సారాంశం. లాండెస్ దాన్ని బలపరిచారు. అది స్వల్ప తేడాతో వీగిపోయింది. తాను పోటీ చేస్తున్న పదవి అధికారాన్నే తగ్గించే ప్రతిపాదనను సమర్థించిన అభ్యర్థులు అరుదు.

మేయరుగా ఆమె ఏమి చేశారు?

ముందుగా చెప్పవలసినది నియామకాల గురించి. శాఖాధిపతుల పదవులను ఎన్నికలలో సాయపడినవారికి పంచిపెట్టే ఆనవాయితీని పక్కనబెట్టి, అర్హత చూసి నియమించారు. దీనివల్ల శత్రువులు పెరిగారు గాని మిత్రులు పెరగలేదు. పదవి దక్కనివాడు గుర్తుపెట్టుకొంటాడు, అర్హత మీద పదవి దక్కినవాడు అది తన గొప్పదనమే అనుకొంటాడు.

నగర పాలనలో ఆమెకు పెద్ద తలనొప్పి ట్రాములు. 1919లో మేయర్ ఓలీ హాన్సన్ కాలంలో నగరం స్టోన్ అండ్ వెబ్‌స్టర్ సంస్థ దగ్గర ట్రాము వ్యవస్థను ఒక కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నది. అరిగిపోయిన పట్టాలకూ పాత బండ్లకూ అది చాలా ఎక్కువ ధర అన్నది అప్పటి నుంచీ ఉన్న విమర్శ. అప్పు వాయిదాలు కట్టడానికి ఛార్జీల ఆదాయం చాలేది కాదు. ఛార్జీ పెంచితే ప్రయాణికులు తగ్గుతారు, పెంచకపోతే సిబ్బందికి జీతాలుండవు, పైగా వీధుల నిండా మోటారు కార్లు పెరిగిపోతున్నాయి. ఈ వారసత్వపు భారాన్ని ఆమె తీసివేయలేకపోయారు, అది రెండేళ్లలో తీరేదీ కాదు. కాని లెక్కలను క్రమశిక్షణలో పెట్టి, నిర్వహణను నిపుణులకు వదిలి, దాన్ని కుప్పకూలకుండా చూశారు.

విద్యుత్తు సంగతి వేరు. నగరం సొంతంగా నడుపుకొనే ‘సిటీ లైట్’ సంస్థ, జె. డి. రాస్ పర్యవేక్షణలో స్కాగిట్ నది మీద జలవిద్యుత్ కేంద్రాలు నిర్మిస్తూ, ప్రైవేటు కంపెనీకి గట్టి పోటీ ఇస్తున్నది. విద్యుత్తు ప్రజల ఆస్తిగా ఉండాలన్న పక్షాన లాండెస్ స్థిరంగా నిలబడ్డారు. సంస్కర్తలైన క్లబ్బు మహిళలనగానే వ్యాపారవర్గాల పక్షమనుకొనేవారు ఈ సంగతిని తరచు మరిచిపోతారు.

పోలీసు శాఖను చక్కదిద్దడం, దొంగ మద్యం అమ్మేవారిపైనా ఒళ్లు తెలియకుండా కార్లు నడిపేవారిపైనా చర్యలు తీసుకోవడం, ఉద్యానవనాలను మెరుగుపరచడం వంటివి తక్కిన పనులు. 1927 సెప్టెంబరులో, అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా దాటివచ్చిన చార్లెస్ లిండ్‌బర్గ్ సియాటిల్ వచ్చినప్పుడు ఆహ్వానం పలికింది కూడా మేయరుగా ఆమెయే.

అంత బాగా పనిచేస్తే 1928లో ఎందుకు ఓడిపోయారు?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అప్పటికి మేయరు పదవీకాలం రెండేళ్లే. ఆమె ప్రత్యర్థి ఫ్రాంక్ ఎడ్వర్డ్స్ సినిమా హాళ్లు నడిపిన వ్యాపారి, రాజకీయాలలో ఎవరికీ తెలియని పేరు. లాండెస్‌కు ప్రధాన పత్రికల మద్దతు, కార్మిక సంఘాల మండలి మద్దతు, మహిళా సంఘాల మద్దతు ఉన్నాయి. చర్చకు రమ్మని ఆమె ఎన్నిసార్లు పిలిచినా ఎడ్వర్డ్స్ రాలేదు. డబ్బు మాత్రం విరివిగా ఖర్చుపెట్టారు. అయినా ఆయన 19,000 ఓట్ల తేడాతో గెలిచారు.

ఇంత పెద్ద నగరానికి మహిళ మేయరుగా ఉండడం నగుబాటు అన్న ప్రచారం బలంగా సాగిందన్నది వాస్తవం. మహిళ అన్న కారణమే తన ఓటమికి ముఖ్యమని లాండెస్ కూడా భావించారు. అది కాదనలేనిది. అయితే అదొక్కటే కారణమంటే, 1922లో, 1926లో అదే ఓటర్లు ఆమెను ఎందుకు గెలిపించారన్నదానికి సమాధానం ఉండదు. 1926లో కుంభకోణాలతో మసిబారిన బ్రౌన్ ఎదురుగా ఉన్నాడు, ఊడ్చవలసిన చెత్త కళ్లకు కనబడుతున్నది. రెండేళ్లు ఊరు సవ్యంగా నడిచాక చీపురు అవసరం గుర్తుకు రాలేదు. సంస్కర్తలకు ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఇది. పైగా ఊరు తెరవాలనుకొనేవారి డబ్బు, ప్రైవేటు విద్యుత్ పక్షం, పదవులు దక్కనివారి అసంతృప్తి ఒకచోట చేరాయి. మహిళ అన్న మాట ఈ అసంతృప్తులన్నిటికీ మర్యాదగా వాడుకోదగ్గ ముసుగైంది. లంచం ఆగిపోయిందని ఎవరూ బహిరంగంగా ఫిర్యాదు చేయలేరు, మేయరు స్థానంలో మగవాడుండాలని మాత్రం ఎవరైనా అనగలరు.

ఎడ్వర్డ్స్ ఎలా పాలించారు?

రెండోసారి కూడా గెలిచారు గాని పూర్తికాలం ఉండలేదు. 1931లో సిటీ లైట్ అధిపతి జె. డి. రాస్‌ను తొలగించడంతో నగరం భగ్గుమన్నది. ఆ జూలైలో ఓటర్లు ఎడ్వర్డ్స్‌ను రీకాల్ ఓటుతో పదవినుంచి దించివేశారు, రాస్ తన ఉద్యోగానికి తిరిగి వచ్చారు.

ఆమెను స్త్రీవాది అనవచ్చా?

ఆ మాటను ఆమె వాడలేదు, ఇప్పటి అర్థంతో ఆమెకు తగిలించడం కూడా సరికాదు. రాజకీయాలలోకి వచ్చే మహిళలు తమ స్త్రీత్వాన్ని మరవకుండానే, స్త్రీ పురుష భేదం మీద నొక్కు తగ్గించి, ప్రజాసేవకులుగా నిలబడాలన్నది ఆమె రాసిన మాటల సారం. మహిళ కాబట్టి ఓటు వేయమని ఆమె అడగలేదు. మహిళ కాబట్టి ఓటు వేయవద్దన్నవారితో మాత్రం గట్టిగా పోరాడారు. ఆమె క్లబ్బులు ప్రధానంగా మధ్యతరగతి తెల్లజాతి మహిళలవి అన్న పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి.

మేయరు పదవి తరువాత ఆమె ఏమి చేశారు?

మళ్లీ ఏ పదవికీ పోటీ చేయలేదు. పత్రికలకు వ్యాసాలు రాశారు, ఉపన్యాసాలిచ్చారు, ఉద్యోగినులూ వృత్తులలో ఉన్న మహిళలూ సభ్యులుగా గల సోరాప్టిమిస్ట్ క్లబ్బుల సమాఖ్యకు జాతీయ అధ్యక్షురాలిగా వ్యవహరించారు. 1930లలో భర్తతో కలిసి విద్యార్థులను తూర్పు ఆసియా దేశాలకు అధ్యయన యాత్రలకు తీసుకువెళ్లేవారు. 1936లో హెన్రీ మరణించారు. ఆరోగ్యం క్షీణించడంతో ఆమె కాలిఫోర్నియాకు మారి, చివరకు 1943 నవంబరు 29న, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో కుమారుడి ఇంట కన్నుమూశారు.

సియాటిల్‌కు మళ్లీ మహిళా మేయర్ ఎప్పుడు వచ్చారు?

2017 నవంబరులో జెన్నీ డర్కన్ ఎన్నికయ్యేవరకు రాలేదు. లాండెస్ పదవి దిగి అప్పటికి 89 ఏళ్లు. తక్కిన పెద్ద నగరాలలో కూడా మార్పు నిదానంగానే వచ్చింది. పొరుగు రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌కు డొరతీ మెకల్లో లీ 1949లో, శాన్‌ఫ్రాన్సిస్కోకు డయాన్ ఫైన్‌స్టైన్ 1978లో, షికాగోకు జేన్ బర్న్ 1979లో మేయర్లయ్యారు.

సొరంగం తవ్విన యంత్రానికి ‘బెర్తా’ అని పేరు పెట్టినది ఈమె పేరు మీదేనా?

అవును. సియాటిల్ సముద్రతీరం వెంట ఉన్న పాత ఎత్తైన రహదారి వంతెనకు బదులుగా నగరం అడుగున రోడ్డు సొరంగం తవ్వడానికి జపాన్‌లో తయారుచేయించిన యంత్రమది. వ్యాసం 57 అడుగులకు పైమాటే, ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దది. 2013 వేసవిలో తవ్వకం మొదలుపెట్టి, వెయ్యి అడుగులు దాటగానే అదే ఏడాది డిసెంబరులో చెడిపోయి, బాగుచేసేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ‘బెర్తా ఇరుక్కుపోయింది’, ‘బెర్తా కదలడం లేదు’ అన్న శీర్షికలతో మేయరుగారి పేరు, ఆమె బతికుండగా కూడా రానన్నిసార్లు, పత్రికలలో వచ్చింది. 2015 డిసెంబరులో మళ్లీ కదిలి, 2017 ఏప్రిల్‌లో అవతలి చివరన బయటపడింది. 2019 ఫిబ్రవరిలో ఆ దారిన వాహనాలు నడవడం మొదలైంది.